విశాఖలో ఫ్లాటు కొనాలంటే: టోకెన్‌కు ముందు నేల, ఆ తర్వాతే గోడలు

రుషికొండ వైపు ఐదో అంతస్తు బాల్కనీలో నిలబెట్టి సముద్రం చూపిస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. ఆ కరిగిన క్షణంలోనే లక్షో రెండు లక్షలో టోకెన్ చేతులు మారుతుంది. కాగితాలు అడిగేది ఆ తర్వాత. విశాఖలో ఈ వరుస అసలు పనికిరాదు. ఊళ్లో ఒకే రోడ్డుకు ఒక పక్క జిరాయితీ (సొంత పట్టా) భూమి, ఎదురుగా కొండ పోరంబోకు, కాస్త ముందుకెళ్తే దేవస్థానం భూమి, దాని వెనక మాజీ సైనికుడికిచ్చిన డి-పట్టా (ప్రభుత్వం కేటాయించిన భూమి) ఉండొచ్చు. పైన లేచిన అపార్ట్‌మెంట్లన్నీ ఒకే రంగులో మెరుస్తుంటాయి కాబట్టి కంటికి తేడా తెలియదు. అందుకే ముందు నేల, తర్వాత గోడలు, ఆ తర్వాత లెక్క. టోకెన్ వీటన్నిటి తర్వాత.

1. సర్వే నంబరు పట్టుకోండి

ధర అడిగేలోపే మూడు అడగండి: సబ్‌డివిజన్‌తో సహా సర్వే నంబరు, రెవెన్యూ గ్రామం పేరు, లింకు డాక్యుమెంట్ల (పాత అమ్మకాల దస్తావేజుల) జిరాక్సులు. మనం నోటితో చెప్పే కాలనీ పేరు, రికార్డులో ఉండే గ్రామం పేరు ఒకటి కాకపోవచ్చు. పాత పట్టణంలోనైతే టౌన్ సర్వే నంబరు, వార్డు, బ్లాకు కావాలి. ఇవి ఇవ్వడానికి నసిగితే ఆ బేరం అక్కడితో వదిలేయడం మేలు. నికార్సయిన అమ్మకందారు ఇవి దాచడు.

చేతికొచ్చిన నంబరును రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్‌ఎస్ వెబ్‌సైటులో నిషేధిత ఆస్తుల జాబితాలో కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ఉండే ఈ జాబితాలో అసైన్డ్ భూములు, ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు, కోర్టులు జప్తు చేసినవి ఉంటాయి. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒక సర్వే నంబరులో పావు ఎకరం ప్రభుత్వానిదైనా మొత్తం నంబరు జాబితాలోకి ఎక్కేయొచ్చు. అప్పుడు మీ ఫ్లాటు నిక్షేపంగా ఉన్నా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. రెండోది, ఈ రోజు జాబితాలో లేని నంబరు మూడు నెలలకు చేరొచ్చు. కాబట్టి ఒకసారి చూసి ఊరుకోకండి. టోకెన్ రోజు చూసి ప్రింటు తీసుకోండి, రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ చూడండి.

శివారు భూమైతే రెవెన్యూ వెబ్‌సైటు మీభూమిలో 1బి, అడంగల్ తీయండి. కానీ అక్కడ ప్రైవేటు పేరు కనబడగానే నిశ్చింత పడకండి. పాత రీసర్వే రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ నంబరు ఎదురుగా ఏమని రాసి ఉందో తహసీల్దారు కార్యాలయంలో చూడాలి. అక్కడ గయాలు (వదిలేసిన భూమి), బంజరు, గెడ్డ (వాగు) పోరంబోకు, రాస్తా (దారి) అని ఉంటే ఆ తర్వాత ఎన్ని దస్తావేజులు పుట్టినా పునాది బలహీనమే.

విశాఖకే ప్రత్యేకమైన కొన్ని చోట్ల ఇంకాస్త జాగ్రత్త కావాలి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి గ్రామాల్లో సింహాచలం దేవస్థానం భూముల వివాదం దశాబ్దాలుగా నలుగుతోంది. అక్కడ తరాలుగా ఉంటున్నవాళ్ల సంగతి వేరు, పెట్టుబడికని కొత్తగా కొనేవాళ్ల సంగతి వేరు. ధర తక్కువని ఆశపడితే అమ్ముకోలేక, అప్పు పుట్టక ఇరుక్కుంటారు. మధురవాడ, కొమ్మాది, ఎండాడ వైపు మాజీ సైనికులకు, స్వాతంత్ర్య సమరయోధులకు ఇచ్చిన పట్టాలు చేతులు మారిన చోట్లు చాలా ఉన్నాయి. జిల్లా భూ అక్రమాల మీద 2017లో ఒకసారి, 2019లో ఇంకోసారి ప్రత్యేక దర్యాప్తు బృందాలు వేశారంటే సంగతి అర్థమవుతుంది. మాజీ సైనికుడి భూమిని పదేళ్ల తర్వాత అమ్మొచ్చు, కానీ కలెక్టరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అడిగి చూడండి. నకలు చూసి తృప్తి పడకుండా ఆ ఎన్‌ఓసీ నంబరు నిజమో కాదో కలెక్టరేట్‌లో విచారించండి. నకిలీ ఎన్‌ఓసీ అన్నది ఈ ఊరికి కొత్త మాట కాదు.

2. ముప్పై ఏళ్ల గొలుసు

ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) కనీసం 30 ఏళ్లకు తీయాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కార్యాలయంలో అడగాలి. డోర్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి, ప్లాటు నంబరుతో ఒకసారి వెతకండి. ఒకదాంట్లో రానిది మరోదాంట్లో బయటపడుతుంది.

ఈసీ శుభ్రంగా ఉందంటే ఆస్తి శుభ్రంగా ఉందని కాదు. రిజిస్టరు చేయని అగ్రిమెంటు, రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నడిచే దావా, ఒరిజినల్స్ బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు ఇందులో కనబడకపోవచ్చు. అప్పు సంగతికి తనఖాలు నమోదయ్యే సెర్సాయ్‌లో వెతకాలి. దావాల సంగతికి కోర్టుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో అమ్మేవాళ్ల పేరుతోను, వాళ్లకు అమ్మినవాళ్ల పేరుతోను వెతకాలి. అన్నిటికన్నా తేలిక పరీక్ష, ఒరిజినల్ లింకు డాక్యుమెంట్లు చేతికి తీసుకుని చూడటం. "లాకర్‌లో ఉన్నాయండి, రిజిస్ట్రేషన్ నాడు తెస్తాం" అంటే ఆ రోజు దాకా డబ్బు కూడా మీ లాకర్‌లోనే ఉండనివ్వండి.

పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు వెతకండి. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టుకున్న భాగపరిష్కారం కనిపిస్తే, అక్కచెల్లెళ్లు రిజిస్టరు హక్కు విడుదల దస్తావేజు ఇచ్చారా అని అడగండి. అత్తవారింట్లో ఉన్న ఆవిడ ఇరవై ఏళ్ల తర్వాత దావా వేస్తే ప్రతివాదుల్లో మీ పేరూ ఉంటుంది.

జీపీఏ (యజమాని తరఫున అమ్మే అధికార పత్రం) మీద అమ్మకం అంటే అసలు యజమాని బతికి ఉన్నారా, జీపీఏ రద్దు కాలేదా చూడాలి. వట్టి జీపీఏ, అగ్రిమెంటు చేతిలో ఉంటే హక్కు బదిలీ అయినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. యజమాని విదేశంలో ఉండి పవర్ పంపితే, అది భారతదేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించారో లేదో చూడండి.

ఇంత పని చేశాక కూడా లాయరు లీగల్ ఒపీనియన్ తీసుకోవాల్సిందే. లాయరును మీరు పెట్టుకోండి, బిల్డరు చూపించిన లాయరు వద్దు. బ్యాంకు లోన్ ఇస్తోంది కాబట్టి టైటిల్ బాగానే ఉందనుకోవడం కూడా పొరపాటే. బ్యాంకు తన బాకీ వసూలు గురించి చూసుకుంటుంది, మీ ప్రశాంతత గురించి కాదు.

3. బిల్డింగు కాగితాలు

విశాఖలో చాలా అపార్ట్‌మెంట్లు స్థల యజమానితో డెవలప్‌మెంట్ అగ్రిమెంటు మీద లేస్తాయి. ఏ ఫ్లాటు యజమాని వాటా, ఏది బిల్డరు వాటా అన్నది అనుబంధ ఒప్పందంలో ఉంటుంది. అది రిజిస్టరయిందా, మీ ఫ్లాటు నంబరు అమ్మేవాడి వాటాలోనే ఉందా చూడండి. ఒకే ఫ్లాటును ఇద్దరూ చెరొకరికి అమ్మేది ఈ సందులోంచే.

తర్వాత నగరపాలక సంస్థ జీవీఎంసీ మంజూరు చేసిన ప్లాను పట్టుకుని అంతస్తులు లెక్కపెట్టండి. ప్లానులో స్టిల్టు (కింది పార్కింగు అంతస్తు) మీద నాలుగుండి, కళ్ల ముందు ఐదుంటే ఆ ఐదోది ఎంత చవకైనా కొనకండి. దానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, ప్లాను ప్రకారమే కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) రాదు, మంచి బ్యాంకు అప్పివ్వదు, మళ్లీ అమ్మాలంటే మీలా ఆశపడే మరొకరు దొరకాలి. ఇంకోటి చాలామంది అడగరు: ప్లాను ఇచ్చేటప్పుడు నిర్మాణంలో సాధారణంగా 10 శాతం విస్తీర్ణాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టిస్తారు, ఓసీ వచ్చాకే విడిపిస్తారు. మీ ఫ్లాటు ఆ పది శాతంలో ఉందేమో ప్లాను కాగితంలోనే తెలుస్తుంది.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. రెరా ప్రాజెక్టులో రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అప్పగించిన ఐదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే ఉచితంగా బాగుచేయాల్సింది బిల్డరే. ప్రీ-లాంచ్ అంటూ నమోదుకు ముందే సగం ధరకు ఇస్తామనేవాళ్ల దగ్గర ఈ రక్షణ ఏదీ ఉండదు.

ఆనందపురం, తగరపువలస, భోగాపురం వైపు ప్లాటు కొనేవాళ్లకు ఒక మాట. బోర్డు మీద "వీఎంఆర్‌డీఏ ప్రపోజ్డ్" అని ఉంటే ఆ ప్రాంతాభివృద్ధి సంస్థకు దరఖాస్తు పెట్టారని మాత్రమే అర్థం. తుది ఎల్‌పీ (లేఅవుట్ ఆమోదం) నంబరు, ఆ ప్లాను నకలు అడగండి. అందులో తనఖాలో ఉన్న ప్లాట్ల నంబర్లుంటాయి, మీది వాటిలో ఉండకూడదు. మాస్టర్ ప్లానులో ఆ సర్వే నంబరు మీదుగా కొత్త రోడ్డు పోతోందా అన్నదీ అప్పుడే చూసుకోండి. సముద్రం దగ్గరైతే ఆటుపోటు గరిష్ఠ రేఖ నుంచి 500 మీటర్ల దాకా తీరప్రాంత నియంత్రణ సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తిస్తాయి. నేవీ ఎయిర్‌ఫీల్డు పరిసరాల్లో ఎత్తు మీద ఆంక్షలుంటాయి.

స్థలంలో మీ ఫ్లాటుకు వచ్చే అవిభక్త వాటా గజాల్లో ఎంతో అడగండి. 1,200 అడుగుల ఫ్లాటుకు ఒకచోట 40 గజాలు, మరోచోట 25 గజాలు ఉండొచ్చు. ఫ్లాటు పాతబడే కొద్దీ గోడల విలువ తరుగుతుంది, పెరిగేది ఈ గజాల విలువే. అన్ని ఫ్లాట్ల వాటాలూ కూడితే రోడ్డుకు వదిలింది పోను మిగిలిన స్థలం రావాలి. ఎక్కువొస్తే లేని నేలను అమ్ముతున్నారన్నమాట.

4. వానలో చూడండి, గోడ తట్టండి

ఎండాకాలంలో అన్ని ఇళ్లూ బాగుంటాయి. అక్టోబరు వానల్లో వెళ్లి చూడండి. కుదరకపోతే సెల్లారు గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి, వీధిలో పాన్‌షాపు ఆయన్ని అడగండి. గెడ్డ ఎటు పోతోందో కనుక్కోండి. గెడ్డను కుదించి కట్టిన చోట దానికి వర్షాకాలంలో పాత దారి గుర్తొస్తుంది. కొండ తొలిచి కట్టిన చోటైతే రిటైనింగ్ వాల్‌కు నీరు కారే రంధ్రాలున్నాయా, వాటిలోంచి నీరు నిజంగా వస్తోందా చూడాలి. రంధ్రాలు మట్టితో పూడిపోతే వెనక చేరిన నీటి బరువే గోడను తోస్తుంది.

ఉప్పుగాలి ఇక్కడ అసలు శత్రువు. ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బుతుంది, పైనున్న కాంక్రీటు పెచ్చులు ఊడుతుంది. తీరప్రాంతపు గాలికి నేరుగా తగిలే కాంక్రీటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం ఎం30 గ్రేడు, చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కవరు (కాంక్రీటు పొర) ఉండాలి. కడుతున్న బిల్డింగైతే స్లాబు వేసే ముందు రోజు వెళ్లి కవర్ బ్లాకులు పెట్టారా, లేక చువ్వల కింద కంకర రాళ్లు దోపారా చూడండి. కట్టేసినదైతే సజ్జాల అంచులు, బాల్కనీ అడుగు, స్టిల్టు స్తంభాల మొదళ్లు చూడాలి. గోధుమ రంగు చార, స్తంభం పొడవునా సన్నని నిలువు పగులు, తడితే డొల్ల చప్పుడు, ఈ మూడూ కలిస్తే ఇంజనీరును తీసుకెళ్లకుండా ముందుకు పోకండి. కొత్తగా వేసిన రంగు కింద ఇవన్నీ దాగుతాయి. పదేళ్ల బిల్డింగుకు అమ్మకం ముందు స్తంభాలకు మాత్రమే పుట్టీ కొట్టారంటే అనుమానించాల్సిందే.

2014 అక్టోబరు 12న తుపాను హుద్‌హుద్ ఏ కిటికీలను ఊడబెరికిందో ఊరంతా చూసింది. సముద్రం వైపు కిటికీలకు యూపీవీసీ ఫ్రేము చాలదు, లోపల ఉక్కు బలం ఉండాలి. స్క్రూలు 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి అయితే నిలుస్తాయి, మామూలువి రెండేళ్లలో మరకలు పడతాయి.

నీటికి ఒక చిన్న టీడీఎస్ మీటరు (కరిగిన లవణాలు కొలిచేది) కొనుక్కెళ్లండి. 500 లోపుంటే మంచిది. 2,000 దాటిన బోరు నీటితో గీజర్లు, కుళాయిలు ఎక్కువ కాలం నిలవవు. జీవీఎంసీ కనెక్షను ఉందా, రోజుకు ఎంతసేపు వస్తుంది, ఎండల్లో నెలకు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారు అన్నది వాచ్‌మన్ చెప్పినంత నిజాయితీగా బ్రోకరు చెప్పడు.

5. లెక్క

ఊహకు ఒక 70 లక్షల రీసేల్ ఫ్లాటు తీసుకుందాం. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. అంటే 5.25 లక్షలు. కప్‌బోర్డులు, రంగులు, లాయరు, బ్యాంకు చార్జీలు 4.5 లక్షలనుకోండి. మొత్తం దాదాపు 80 లక్షలు. బ్యాంకు 80 శాతం, అంటే 56 లక్షలు ఇస్తుంది. రిజిస్ట్రేషన్ ఖర్చుకు ఇవ్వదు. చేతిలోంచి 24 లక్షలు పెట్టాలి.

56 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెల కంతు సుమారు 48,600. మొదటి నెలలో 39,667 రూపాయలు వడ్డీకే పోతాయి. అద్దె 18,000 వస్తే, ఏడాదిలో ఒక నెల ఖాళీ పోతే 1.98 లక్షలు. ఇంటిపన్ను, మరమ్మతులకు 28,000 తీసేస్తే 1.70 లక్షలు. 80 లక్షల మీద ఇది 2.1 శాతం. పైగా 70 లక్షల ఫ్లాటు 80కి అమ్మితేగాని పెట్టింది రాదు, అంటే ధర ముందు 14 శాతం పెరగాలి. ఎయిర్‌పోర్టు వస్తోంది, ఐటీ వస్తోంది అన్న మాటల ధర ఇప్పటికే ఆ 70 లక్షల్లో కలిపి ఉంటుంది. ఉండటానికి కొంటే ఈ లెక్క అంతగా బాధించదు. అద్దె కోసమే కొంటే నెలనెలా సుమారు 34,000 జేబులోంచి వేయగలరో లేదో ముందే తేల్చుకోండి.

కొత్త ఫ్లాటుకు ఓసీ రాకముందు కొంటే 5 శాతం జీఎస్టీ అదనం. 45 లక్షల లోపు ధర, 90 చదరపు మీటర్ల లోపు కార్పెట్ ఏరియా ఉంటే 1 శాతం. ఓసీ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు.

6. డబ్బు, సంతకం

అగ్రిమెంటులో గడువు తేదీ, టైటిల్‌లో లోపం తేలితే టోకెన్ ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి, పాత బాకీలు ఎవరు కట్టాలి అన్నవి రాయించండి. డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. స్థిరాస్తికి 20,000 అంతకు మించి నగదు తీసుకుంటే తీసుకున్నవాళ్లకు అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. సగం నల్లడబ్బు అంటే ఒప్పుకుని తక్కువకు రిజిస్టరు చేయించుకుంటే, రేపు మీరు పూర్తి వైట్‌లో అమ్మినప్పుడు ఆ తేడాకు పన్ను కట్టేది మీరే.

ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్ల తరఫున ముందే పట్టుకునే ఆదాయపన్ను) మినహాయించి, మినహాయించిన నెల ముగిశాక 30 రోజుల్లోపు కట్టడం కొనేవాళ్ల బాధ్యత. అమ్మేవాళ్లు ఎన్నారై అయితే 1 శాతం లెక్క వర్తించదు, కోత చాలా ఎక్కువ. వాళ్లు ఆదాయపన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే తగ్గించాలి. తెలియక 1 శాతమే పట్టుకుంటే మిగతాది మీ నెత్తిన పడుతుంది.

రిజిస్ట్రేషన్‌కు ముందు రోజు డ్రాఫ్టు కూర్చుని చదవండి: ఆధార్‌లో ఉన్నట్టే పేరు, నాలుగు హద్దులు, ఫ్లాటు నంబరు, పార్కింగు నంబరు, గజాల వాటా, ఇంటిపన్ను అసెస్‌మెంట్ నంబరు. ఒక్క హద్దు తప్పినా సవరణ దస్తావేజుకు అమ్మినవాళ్లను మళ్లీ పిలుచుకురావాలి, అప్పటికి వాళ్లు ఏ టెక్సాస్‌లోనో ఉంటారు.

7. తాళాలు చేతికొచ్చాక

మొదటి నెలలోనే జీవీఎంసీ పన్ను రికార్డు, కరెంటు (ఈపీడీసీఎల్) మీటరు, నీటి కనెక్షను, అసోసియేషన్ మీ పేరుకు మారాయో లేదో ఒక్కొక్కటీ సరిచూడండి. ఇంటిపన్ను ఏడాదిది మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు. బీమా తీసుకోండి. భారత్ గృహ రక్ష పాలసీలో తుపాను, వరద ఉంటాయి. బీమా మొత్తం కట్టడపు ఖర్చుకే, స్థలం విలువకు కాదు కాబట్టి ప్రీమియం భారమనిపించదు.

అద్దెకిస్తే 11 నెలల ఒప్పందం రాసుకోవడం మామూలే. అయితే ఆంధ్రప్రదేశ్‌లో కాలం ఎంతైనా లీజును రిజిస్టరు చేయాలి. ఇల్లు ఇచ్చే రోజు గోడలు, కుళాయిలు, మీటరు రీడింగు వీడియో తీసి ఇద్దరూ దాచుకోండి. అడ్వాన్సు గొడవలు అక్కడే సగం తగ్గుతాయి. ఇల్లు ఖాళీగా పడి ఉంటే తాళం ఎవరికైనా ఇచ్చి పదిహేను రోజులకోసారి కిటికీలు తెరిపించి, అన్ని కుళాయిలూ తిప్పించండి. నీరు ఎండిన డ్రెయిన్ ట్రాపుల్లోంచి వాసన, బొద్దింకలు వస్తాయి. ఉప్పు తేమకు తలుపులు ఉబ్బి బిగుసుకుంటాయి, ఏసీ బయటి యూనిట్ తుప్పు పడుతుంది. ఖాళీ ప్లాటైతే నాలుగు మూలలా రాళ్లు పాతించి, ప్రహరీ కట్టి, ఖాళీ స్థలం పన్ను మీ పేరునే కడుతూ, ఆరు నెలలకోసారి ఈసీ తీయండి.

అమ్మేటప్పుడు 24 నెలలు దాటి ఉంటే లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జులై 23కు ముందు కొన్నదైతే ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి) 20 శాతం లెక్క కూడా వేసి, తక్కువ వచ్చింది కట్టొచ్చు. కొన్నప్పటి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, తర్వాత కట్టిన అదనపు గది ఖర్చు కొన్న ధరకు కలుస్తాయి, బిల్లులుంటేనే. రంగుల ఖర్చు కలవదు. ఆ బిల్లులు దస్తావేజుతో పాటు ఒకే ఫైల్లో పెట్టి, స్కాను చేసి ఇంట్లో ఇంకొకరి దగ్గర కూడా ఉంచండి. థర్మల్ కాగితం రసీదులు రెండు వేసవులకే తెల్లబోతాయి, వాటిని ముందు జిరాక్సు తీయించండి.